తూము దగ్గర అడిగిన మాట

అమ్మ మీద ఒట్టు పెట్టను. దేవుడి మీదా పెట్టను. నా సంతకం మీద ఒట్టు... జరిగింది జరిగినట్టే చెబుతున్నాను. ఆ సంతకం విలువ ఏపాటిదో కాసేపట్లో మీకే తెలుస్తుంది కాబట్టి, నవ్వాలనుకున్నవాళ్లు అప్పటిదాకా ఆగండి. నేను తాగను. ఆ రాత్రి నాకు జ్వరం కూడా లేదు.

తెలంగాణ ఉద్యమం బాగా వేడి మీదున్న రోజులు. సమ్మె నడుస్తోంది. బస్సులు డిపో దాటడం లేదు. కరెంటు వస్తే వచ్చినట్టు, పోతే పోయినట్టు. మాది స్టేషన్ ఘన్‌పూర్. నేను పని చేస్తున్నది తొర్రూరు దాటాక, ఒక ఎర్రమట్టి గుట్ట వాలులో కడుతున్న గోదాముల దగ్గర. ఇల్లు మరీ దూరమేం కాదు. అయినా రోజుల తరబడి వెళ్లలేకపోయాను. కూలీలంతా ఎవరి ఊళ్లకు వాళ్లు వెళ్లిపోయారు. సైటులో మిగిలింది నేనూ, వాచ్‌మన్ ఐలన్నా, ఒక రేకుల గదీ.

నా పని పేరు చెబితే మా బామ్మర్ది ఇప్పటికీ నవ్వుతాడు. వాన నీళ్ల తనిఖీ. గుట్టను తవ్వి పోశాం కదా... వాన పడితే ఆ మట్టీ, సిమెంటు కడిగిన నీళ్లూ కిందికి కొట్టుకుపోతాయి. అలా పోనివ్వకూడదని పని ఒప్పందంలో షరతు. అందుకే వాలు చివర పెద్ద గుంత తవ్వాం. నీళ్లన్నీ అందులో చేరాలి. మట్టి అడుగుకు దిగాలి. పైన తేరిన నీళ్లు మాత్రమే గొట్టం గుండా కాలువలోకి, అక్కడి నుంచి వాగులోకి వెళ్లాలి. గుంత అడుగున ఇనుప తలుపుతో ఒక తూము ఉంటుంది, పిడి తిప్పితే తలుపు లేస్తుంది. పూడిక తీసేటప్పుడు తప్ప దాన్ని ఎత్తకూడదు. వాన పడ్డ ప్రతిసారీ నేను వెళ్లి చూడాలి, రోజుకొక ఫారం నింపాలి, సంతకం పెట్టాలి.

వాగు ఒడ్డున ఒక లంబాడీ తండా ఉంది. సైటు నుంచి రెండు కిలోమీటర్లు ఉంటుంది. కరెంటు లేక వాళ్ల బోరు ఆగిపోయింది. తండా అంతా మళ్లీ చెలిమల దారి పట్టింది. చెలిమ అంటే తెలుసు కదా... ఒడ్డు ఇసుకలో గుంట తీస్తే నీళ్లు ఊరతాయి. చిప్పతో తోడి బిందెలో పోసుకోవాలి. ఆ తండా నుంచి మంగ్లి అవ్వ రోజూ పొద్దున గేటు దగ్గరికి వచ్చేది. చేతిలో స్టీలు గ్లాసు, గ్లాసులో చెలిమ నీళ్లు. దాన్ని నా ముఖం ముందు పట్టుకుని ఒకటే మాట అడిగేది.

“నీళ్లు తేరినయా సారూ? పోరగాండ్లు తాగేటియి.”

“తేరినయి అవ్వా,” అనేవాణ్ణి. ఒక్కోసారి గ్లాసు వైపు చూడకుండానే.

ఇక నా ఘనకార్యం వినండి. మా కాగితాలు చూడడానికి వరంగల్ నుంచి ఒక ఇంజనీరు వచ్చేవాడు. రాస్తారోకోల వల్ల ఆయన ఏ రోజు ఊడిపడతాడో తెలిసేది కాదు. రోడ్డు తెరిచిన పూట వచ్చేసేవాడు. ఫారాలు సిద్ధంగా లేకపోతే నాకు చీవాట్లు. అందుకని వారం ఫారాలు ఒకే పూట కూర్చుని నింపేసేవాణ్ణి, ఇంకా రాని రోజులవి కూడా. తూము: మూసి ఉంది. వదిలిన నీరు: తేరింది. కింద సంతకం. అందరూ చేసేదే కదా అని సర్దిచెప్పుకోవడం నాకు బాగా వచ్చు.

ఆ సాయంత్రం మబ్బు పట్టింది. గుంత అప్పటికే సగానికి పైగా నిండి ఉంది. పంపు పెడదామంటే కరెంటు లేదు. వానకు ముందే కొంచెం జాగా చేద్దామని తూము తలుపు రెండు వేళ్లు పైకెత్తాను. మట్టి అడ్డుపడి సన్నగా కారుతోంది. కాసేపట్లో దించేద్దాంలే అనుకున్నాను. సరిగ్గా అప్పుడే ఐలన్న వచ్చాడు, భుజాన తువ్వాలు వేసుకుని.

“సారూ, తొర్రూరు రోడ్డు మీద వంటావార్పు ఉన్నది. మా ఊరోళ్లందరు పోతున్నరు. నేనొక్కణ్ణి పోకుంటె ఏం బాగుంటది?”

అప్పట్లో రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి, అక్కడే వండుకుని తింటూ నిరసన చేసేవాళ్లు. కాదనడానికి నాకు మనసు రాలేదు.

“పో ఐలన్నా. ఎప్పుడొస్తవు మరి?”

“రాత్రికి ఆడనే పండుకుంటరట. తెల్లారంగ ఒస్త. నువ్వు పైలం.”

అతణ్ణి గేటు దాకా సాగనంపి, అటు నుంచి అటే గదిలోకి వెళ్లి, పొద్దుటి అన్నం తిని పడుకున్నాను. తూము సంగతి మర్చిపోయాను.

రాత్రి రేకుల మీద వాన మొదలైంది. ముందు చినుకులు... తర్వాత ఒకటే మోత. హాయిగా దుప్పటి కప్పుకున్నాను. నిద్ర పట్టబోతోంది. అప్పుడు గుర్తొచ్చింది.

తూము.

బల్ల మీద ఆ రోజు ఫారం ఉంది, ‘మూసి ఉంది’ అని నా చేతి రాతతో. అక్కడేమో తలుపు ఎత్తి ఉంది. ఇంత వాన ఒత్తిడికి అడుగు మట్టి, సిమెంటు బురద మొత్తం లేచి తెల్లారేలోగా చెలిమల్లో ఉంటుంది. పిల్లలు తాగే నీళ్లు. టార్చి తీసుకుని పరిగెత్తాను. ఫోను చచ్చి మూడు రోజులైంది, అది బల్ల మీదే ఉండిపోయింది.

గుంత ఒడ్డు నుంచి తూము పిడి దాకా ఒక చెక్క వేసి ఉండేది. దాని మీద వంగి నడిచాను. పిడి తిప్పాను. కిర్ర్... కిర్ర్... ఠక్. మూసుకుంది. హమ్మయ్య అని వెనక్కి తిరిగాను. కాలు జారింది.

మోకాళ్ల దాకా దిగాను. లేవబోతే తొడల దాకా. ఒక కాలు లాగితే రెండోది ఇంకాస్త కిందికి. సిమెంటు కలిసిన పూడిక అది... పట్టుకుందంటే వదలదు. టార్చి నీళ్లలో పడి కాసేపు ఎర్రగా వెలిగి ఆరిపోయింది. చెక్క ఎటు కొట్టుకుపోయిందో తెలియదు. చేతికి అందుతున్నది ఒక్క తూము పిడే. దాన్ని పట్టుకుని నిలబడ్డాను.

“ఐలన్నా...” అని అరిచాను. లేడని తెలిసీ.

నీళ్లు నడుము దాకా వచ్చాయి. తర్వాత పొట్ట మీదికి. పై గొట్టం నా తల కంటే ఎత్తులో ఉంది. నీళ్లు అందులోంచి బయటికి పోయే సరికి నేను మునిగిపోయి ఉంటాను. అప్పుడు అర్థమైంది నా పరిస్థితి. పిడి నా చేతిలోనే ఉంది. తిప్పితే నీళ్లు దిగుతాయి, నేను బతుకుతాను. తిప్పితే ఈ బురదంతా తండాకు పోతుంది. తిప్పకపోతే... ఏడుపొచ్చింది. నిజం చెప్పడానికి సిగ్గేముంది, ఏడ్చాను. నా కూతురు గుర్తొచ్చింది.

నీళ్లు ఛాతీకి వచ్చాయి.

అప్పుడు... వాన పడుతూనే ఉంది. కానీ దాని చప్పుడు నాకు వినిపించడం ఆగిపోయింది. ఎలాగో అడగకండి. ఆ నిశ్శబ్దంలో ఒక చిన్న శబ్దం.

గర్ర్...

ఆగింది.

గర్ర్...

చిప్పతో ఇసుకను గీరుతున్న శబ్దం. నాకు ఎదురుగా, నాలుగు అడుగుల దూరంలో. అక్కడ ఇసుక లేదు. మనిషి నిలబడే చోటు కూడా లేదు. నీళ్లే ఉన్నాయి. తర్వాత బిందె అంచుకు చిప్ప తగిలిన చప్పుడు. టింగ్... కళ్లు పొడుచుకుని చూశాను. చీకటి తప్ప ఏమీ లేదు.

“నీళ్లు తేరినయా సారూ?”

తొందర లేని గొంతు. ఆడగొంతే. అవ్వ గొంతా అంటే... అవునేమో. నోరు అలవాటుగా తెరుచుకుంది.

“తేరినయి అవ్వా.”

అన్నాను. అంటూనే పిడి తిప్పాను. నా చేయే తిప్పింది, ఇంకెవరి మీదికో తోయను. కాళ్ల కింద గుడగుడమని నీళ్లు లాగడం మొదలైంది. ఛాతీ మీది నీళ్లు నడుముకు దిగాయి. ఊపిరి వచ్చింది. బతికాననుకున్నాను.

బుడ... బుడ... బుడ...

బిందె నిండుతోంది. ఎవరో తొణక్కుండా నింపుకుంటున్నారు, నా మాట నమ్మి. అడుగు నుంచి మొదలైన శబ్దం మెల్లగా మెడ దాకా వస్తోంది. ఆ బిందె ఎత్తుకుని ఇంటికి వెళ్తారు... పిల్లలకు ముంచి ఇస్తారు... తట్టుకోలేకపోయాను.

“తేరలేదు అవ్వా. ముంచకు. అబద్ధం చెప్పిన. ముంచకు.”

గొంతు చిరిగేలా అరిచి పిడి వెనక్కి తిప్పాను. ఠక్. బిందె శబ్దం సగంలో ఆగింది. వాన మోత మళ్లీ ఒక్కసారిగా చెవుల్లో పడింది. తర్వాత ఎవరూ ఏమీ అడగలేదు. నీళ్లు మళ్లీ పెరిగాయి. ఛాతీ... భుజాలు... మెడ. తల పైకెత్తి గాలి పీల్చుకుంటూ నిలబడ్డాను. పిడి మీది చేయి ఎన్నిసార్లు తిప్పబోయిందో లెక్క లేదు. తిప్పలేదు. నీళ్లు గడ్డానికి తగులుతుండగా వాన తగ్గింది.

తెల్లవారి ఐలన్న వచ్చి తాడు వేసి లాగాడు. “గిట్ల ఎట్ల పడ్డవు సారూ, ఒక్కనివి?” అని అడుగుతూనే ఉన్నాడు. నడుము కింద స్పర్శ లేదు. కాళ్లు స్వాధీనంలోకి రాగానే లేచి, అతని భుజం పట్టుకుని తండాకు నడిచాను.

మంగ్లి అవ్వ ఇంటి ముందు బిందెలు బోర్లించి ఉన్నాయి. పక్కింటి ముందు కూడా. తండా అంతటా అంతే.

“అవ్వా, చెలిమ నీళ్లు తాగలేదు కదా?”

“తాగలే. నువ్వే ఒద్దంటివి గద సారూ.”

“నేనా? ఎప్పుడు?”

“రాత్రి, వాన జోరుగ పడేటప్పుడు. నా తలాపున ఖాళీ బిందె ఉండె. గా బిందె లోపల్నించే వచ్చింది నీ గొంతు. తేరలేదు, ముంచకు అన్నవు. మా లంబాడి బాసలనే అన్నవు. గందుకే పొద్దుగాల్నే లేచి ఎవ్వల్ని చెలిమ కాడికి పోనియ్యలే.”

వాళ్ల ఇంటి భాషలో నాకు ఒక్క ముక్క రాదు. అప్పుడూ రాదు, ఇప్పుడూ రాదు.

చెలిమ దగ్గరికి వెళ్లి చూశాను. నీళ్ల మీద బూడిద రంగు పొర. నేను వదిలిన ఆ కాసేపటిదే. తూము తెరిచిన సంగతి అవ్వ ముందు ఒప్పుకున్నాను. గొట్టంలోంచి కేక వెళ్లి ఉంటుందని ఐలన్న అన్నాడు. కానీ గొట్టం కొంత దూరంలోనే ఆగిపోతుంది, ఆ తర్వాత అంతా తెరిచి ఉన్న కాలువే. మధ్యాహ్నం గదికి వచ్చి ముందుగా నింపిన ఫారాలన్నీ చింపేశాను. ఆ రోజుది కొత్తగా రాశాను. తూము: తెరిచాను. నీరు: తేరలేదు. ఇంజనీరు ఏమన్నాడో అది వేరే కథ.

కానీ నన్ను ఇప్పటికీ పడుకోనివ్వనిది అదేమీ కాదు. మేం తండా నుంచి బయల్దేరుతుంటే అవ్వ వెనక నుంచి పిలిచింది. కోపంగా కాదు. నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగింది.

“మరి గదానికంటె ముందుగాల, తేరినయి అన్నదెవలు సారూ? గదీ నీ గొంతే.”

ఆ గుంతలో నన్ను అడిగింది ఎవరో... ఏమో, ఇన్నేళ్లయినా నాకు తెలియదు. మీకు తోస్తే చెప్పండి. జవాబు చెప్పింది మాత్రం నేనే, రెండుసార్లూ.