ఇవ్వడమే తెలిసిన మిస్ హావర్త్

మా అల్మా వీధిలో ఎవరికి నిచ్చెన కావాలన్నా మిస్ హావర్త్ తలుపు కొట్టాల్సిందే. వాల్‌పేపర్ అంటించే పొడుగు బల్ల, జాం కాచే ఇత్తడి గిన్నె, చర్చి విందులకు సరిపడా టీ కాచే పెద్ద పాత్ర, అన్నీ ఆమె పెరటి గదిలో తుడిచి పెట్టి ఉండేవి. అడిగితే లేదనే మనిషి కాదు. కాకపోతే సరిగ్గా అడగాలి.

"మిస్, మీ నిచ్చెన నాకు బారో చేస్తారా?" అన్నామా, మా పని అయిపోయినట్టే.

"నేనెందుకు బారో చేస్తాను కెన్నెత్? నిచ్చెన నాదేగా! బారో అంటే తెచ్చుకోవడం. అది నీ పని. లెండ్ అంటే ఇవ్వడం. అది నా పని. ఊఁ, మళ్ళీ అడుగు."

చిన్నప్పుడు బళ్ళో ఆమె దగ్గరే చదివాను. ఇప్పుడు బస్సు నడుపుతున్నాను, ఇద్దరు పిల్లల తండ్రిని. అయినా ఆమె గుమ్మంలో టోపీ చేత పట్టుకుని, "మీ నిచ్చెన నేను బారో చేసుకోవచ్చా మిస్?" అని పాఠం అప్పజెప్పేవాణ్ణి.

"చేసుకో. రెండోది?"

"మీ నిచ్చెన నాకు లెండ్ చేస్తారా మిస్?"

"చేస్తాను. వానలో వదిలేశావంటే ఊరుకోను."

నిజానికి ఈ తప్పు నా ఒక్కడిదే కాదు. ఇంగ్లండులోని ఈ బర్న్‌లీ ఊళ్ళో మా వీధుల్లో పుట్టినవాడి నోట లెండ్ అన్న మాట రాదు. ఇచ్చినా బారోనే, తెచ్చుకున్నా బారోనే. మా అమ్మ అలాగే అనేది, వాళ్ళమ్మా అలాగే అనేది. ఆ రెండు మాటల్నీ విడదీయడానికే పుట్టినట్టు మిస్ హావర్త్ ఒక్కతే ఊరందరితో పోట్లాడేది. ఎదురింటి డెరెక్ అయితే ఆమెను ఉడికించడానికి కావాలనే తప్పు మాట్లాడేవాడు.

"మిస్, జాం గిన్నె నాకు బారో ఇవ్వండి. బదులుగా డోరీన్ నన్ను మీకు బారో ఇస్తానంటోంది."

"నిన్నా? మీ ఆవిడ ఎంత లెండ్ చేస్తానన్నా నేను బారో చేసుకోను. గిన్నె పట్టుకుపో, నువ్వు మాత్రం మీ ఇంట్లోనే ఉండు."

ఇదంతా సరదాగానే ఉండేది. నాకు మింగుడుపడనిది ఒక్కటే. ఆవిడ ఎవరినీ ఏదీ అడిగేది కాదు. కెటిల్ కాలిపోతే కొత్తది కొనుక్కునేదాకా పాలగిన్నెలో నీళ్ళు కాచుకుంది. మంచు పడి కొట్లు మూసేసిన రోజుల్లో చక్కెర లేని టీ తాగింది, గోడ అవతల మా ఇంట్లో డబ్బా నిండా చక్కెర ఉండగా. మా ఆవిడ జానెట్ ఏదైనా వండి పంపిస్తే, మర్నాడు పొద్దున్నే ఆ గిన్నె కేకుతో తిరిగొచ్చేది.

"ఈవిడకి ఒక ముద్ద పెట్టి రుణపడని వాళ్ళుంటే చూపించు," అని జానెట్ విసుక్కునేది.

పోయిన చలికాలం పెరటి మెట్టు మీద మంచుకి జారిపడి మిస్ హావర్త్ తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ బాగానే జరిగింది. ఇంటికి పంపాలంటే మాత్రం ఆసుపత్రివాళ్ళు షరతు పెట్టారు. మంచం కిందగదిలోకి దింపాలి, పొద్దునా సాయంత్రం ఎవరో ఒకరు వచ్చి చూడాలి. లేదంటే ఊరి చివర వృద్ధాశ్రమానికి పంపుతారు. అక్కడికి వెళ్ళినవాళ్ళు తిరిగి రావడం మా వీధిలో ఎవరూ చూడలేదు.

నేను ద్రాక్షపళ్ళు పట్టుకుని చూడ్డానికి వెళితే వార్డు నర్సు నన్ను పక్కకి పిలిచింది. "చూసుకునేవాళ్ళెవరూ లేరని చెప్పారండీ ఆవిడ. మీరేమవుతారు?"

నాకు ఒళ్ళు మండిపోయింది. తిన్నగా మంచం దగ్గరికి వెళ్ళాను.

"ఎవరూ లేరా? నిజంగా ఎవరూ లేరా?"

"అరవకు కెన్నెత్. ఇది నీ బస్సు కాదు."

"మరి నేనెవర్ని? జానెట్ ఎవరు? ఆ డెరెక్ వెధవ ఎవరు?"

"మీ పనులు మీకుంటాయి."

"మాకిచ్చేటప్పుడు మీకు పనుల్లేవా? ఎప్పుడూ మేమే మీ గుమ్మంలో నిలబడాలి. మీరు ఒక్కసారి మా గుమ్మంలో నిలబడితే ఏం పోతుంది? ఒకరికి పెట్టే యోగ్యత మాకు లేదనుకున్నారా?"

ఆవిడ కిటికీ వైపు తిరిగింది.

"మిల్లులో నాన్న పని పోయినప్పుడు అమ్మ నా చేతికి ఖాళీ కప్పు ఇచ్చి పక్కింటికి పంపేది. చక్కెరకో, పిండికో. ఒకరోజు ఆ పక్కింటావిడ తలుపు తీసి, నన్ను చూసి, లోపలికి తిరిగి 'హావర్త్‌ల పిల్ల. మళ్ళీ!' అంది. ఆ 'మళ్ళీ' నాకింకా వినిపిస్తూనే ఉంటుంది."

నా కోపం ఎటుపోయిందో తెలియదు. "ఆవిడ ఇంకా ఉందా మిస్?"

"నువ్వు పుట్టకముందే పోయింది."

"మరి ఇప్పుడు ఆ ఇంట్లో ఉన్నదెవరు?"

మిస్ హావర్త్ పుట్టిన ఇంట్లోనే ఉంటోంది, ఆ పక్కింట్లో ఇప్పుడున్నది మేమే. ద్రాక్షపళ్ళు బల్ల మీద పెట్టి వచ్చేశాను. ముసలావిడ మీద నోరు పారేసుకున్నానన్న బాధ నన్ను నిద్రపోనివ్వలేదు. ఆ వారమంతా బస్సులో ఎక్కినవాళ్ళ మీదా దిగినవాళ్ళ మీదా చిరాకు పడుతూనే ఉన్నాను.

శుక్రవారం మేం టీ తాగుతుండగా ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. జానెట్ తీసింది. అవతల మాట్లాడేది నాకూ వినబడుతోంది.

"మిస్ హావర్త్‌ని సోమవారం ఇంటికి పంపుతున్నామండీ. పొద్దున కెన్నెత్ గారు, సాయంత్రం మీరు వస్తారని చెప్పారు. మంచం దింపేది డెరెక్ గారట. ఆదివారం మధ్యాహ్నం భోజనం మీ ఇంట్లోనేనట. మీరంతా ఒప్పుకున్నారన్నారు, నిజమే కదా?"

జానెట్ ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టి నా వైపు గుడ్లప్పగించి చూసింది. "మనం ఎప్పుడు ఒప్పుకున్నాం? ఈవిడ మనల్ని అడిగిందా అసలు?"

అడగలేదు. ఎలా అడగాలో వీధి వీధంతటికీ నేర్పిన మనిషి మమ్మల్ని ఒక్క ముక్క అడగలేదు. నన్ను అడక్కుండా నా తరఫున మాట ఇచ్చేసే హక్కు మా అమ్మ ఒక్కతే తీసుకునేది. అమ్మ పోయాక ఇంకెవరూ తీసుకోలేదు. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, జానెట్ చూస్తోందని కూడా సిగ్గుపడలేదు.

"ఒప్పుకున్నామనే చెప్పు," అన్నాను. మంచం సంగతి డెరెక్‌కి చెప్పడానికి బూట్లు కూడా వేసుకోకుండా ఇంట్లో తొడుక్కునే చెప్పులతోనే వీధి దాటాను.