ఉత్తుత్తి పెండ్లికి పట్టుచీర

నా పెండ్లి నిజమైందేనని అమెరికా ఆఫీసోళ్లకు సాక్ష్యాలియ్యాలె. వాళ్లు నమ్మితేనే నేను మా ఆయన దగ్గరికి పోత. ఆయన అక్కడ ఒక హోటల్ల వంట చేస్తడు. నేను నాగర్‌కర్నూల్ల జాకెట్లు కుడత. పెండ్లయినంక మేమిద్దరం ఒక్క ఇంట్ల ఉన్నది ఆయన సెలవుల మీద వచ్చినప్పుడే. మిగతాదంతా ఫోన్ల సంసారం.

వనపర్తిల గీ కాయిదాలు చేసిపెట్టే ఏజెంటున్నడంటే పోయిన. మేం ఫోన్ల రాసుకున్న మాటలన్నీ అచ్చు తీయించి తెమ్మంటే తీస్కపోయిన. నా ముందరనే ఒక్కొక్కటి గట్టిగ సదివిండు. "తిన్నవా?" "తిన్న." "జరం తగ్గిందా?" "తగ్గింది." "వాన పడ్డదా?" "ఏడ పడ్డది!"

"గిదేందక్కా, మొగుడు పెండ్లాల మాటలేనా ఇవి? ఒక్క ఐ లవ్ యూ గూడ లేకపాయె" అని పక్కన కంప్యూటర్ కొట్టే పిల్ల దిక్కు సూసి నవ్విండు. ఆ పిల్ల గూడ నవ్వింది. మా ఆయన డ్యూటీ దిగి, నిలబడే ఓపిక లేకున్నా నన్ను తిన్నవా అని అడుగుతడు. గది వీనికి నవ్వులాటైంది. నా మాటలు వాని నోట్లకెళ్లి వస్తుంటె, ఎవడో నా బట్టలు విప్పి సూసినట్టు రోత పుట్టింది.

తర్వాత పెండ్లి ఫొటోలడిగిండు. ఉన్నది ఒక్కటే. గుట్ట మీది గుడి మెట్ల కాడ నేను, మా ఆయన, మా నాయిన, పూజారి. తీసింది కొబ్బరికాయలమ్మే ఆయన.

"మీ అమ్మ ఏదక్కా? ఆఫీసర్లు ముందుగాల గదే అడుగుతరు" అన్నడు.

ఏం చెప్పాలె? నాది మారుమనువు. మొదటి పెనిమిటి లారీ కింద పడి పోయిండు. మా దిక్కు మొగుడు సచ్చిన ఆడిది మళ్ల మనువాడితె కార్డులు కొట్టియ్యరు, బాజాలు పెట్టరు. ముత్తైదులైతె ఆ పెండ్లి కండ్ల సూడొద్దంట. సూస్తె వాళ్ల మొగుళ్లకు కీడంట. మా అమ్మ ముత్తైదువ, మా చిన్నమ్మ ముత్తైదువ, మా వదినెలు ముత్తైదులు. అందరు ఇండ్లల్ల తలుపులేసుకొని కూసున్నరు. నాయిన ఒక్కడే వచ్చి, తాళి కట్టినంక ప్రసాదం గూడ నోట్లేసుకోకుండ బస్సెక్కిండు.

గిదంతా చెప్తే ఏజెంటు చెయ్యి ఊపిండు. "గంతే గదా, పరేషాన్ గాకు. గద్వాలల మనకు తెల్సిన ఫంక్షన్ హాలున్నది. పొద్దుగాల ఎవరిదో పెండ్లైతది, సాయంత్రందాక స్టేజి మీద పూలు గట్లనే ఉంటయి. మీ ఆయన సెలవుల మీద వచ్చినప్పుడు మీ వాళ్లను పట్టుచీరలు కట్టుకొని రమ్మను. దండలేసి ఫొటోలు గుంజుదాం. అప్పటి పెండ్లే అని పెడదాం."

ఎవరో పెండ్లిపిల్ల కూసొని లేచిన కుర్చీల నేను కూసోవాలెనంట. థూ అనుకున్న. అనుకుంటనే అచ్చంపేటల ఉండే చిన్నమ్మకు ఫోన్ చేసిన. మొగనితోని ఉండాలెనన్న ఆశ గట్లుండె మరి.

"గదెంత పనే, అందరం వస్తం" అన్నది చిన్నమ్మ.

నా చెవులను నేనే నమ్మలే. "మరి కీడు గాదా చిన్నమ్మా?"

"ఉత్తుత్తి పెండ్లికి కీడేందే పిచ్చిదానా! అన్నాలుంటయి గదా?" అని పకపక నవ్వింది. "మీ అమ్మకు గూడ చెప్త."

తెల్లారి మళ్ల ఆమెనే చేసింది. "మీ అమ్మ సంబురం సూడాలె. అప్పుడే పట్టుచీర తీసి ఎండకేసింది."

నా నిజం పెండ్లి నాడు గొళ్లెం పెట్టుకొని కూసున్న తల్లి, దొంగ పెండ్లికి చీర ఎండకేసింది! ఏజెంటుకు ఫోన్ చేసి నీ హాలు నాకొద్దు, నీ పూలు నాకొద్దన్న. చిన్నమ్మకు చేసిన. "పెండ్లికి ఎందుకు రాలేదో గదే రాసియ్యి, సాలు" అన్న.

"గట్ల రాసిస్తె మా ఇజ్జత్ ఏం గావాలెనే?" అని కసిరి ఫోన్ పెట్టేసింది. ఇన్నేండ్ల సంది ఇంటింటికి పోయి చెప్పుకున్న మాటనే. కాయిదం మీద పెట్టమంటె ఇజ్జత్ పోతదంట. ఏం మనుషులో ఏమో, తల్సుకుంటె ఇప్పటికీ ఉమ్మెయ్యాలనిపిస్తది.

బస్సెక్కి ఉప్పునుంతలకు, అమ్మోళ్లింటికి పోయిన. వాకిట్ల దండెం మీద చీర ఉండనే ఉన్నది. ఆకుపచ్చది, ఎర్రంచు. అమ్మ దాని మడతలు సవరిస్తుండె. నన్ను సూసి నవ్వింది. "గిది కట్టుకుంట బిడ్డా, ఫొటోల మంచిగ పడ్తది."

"ఆ పెండ్లి లేదు. నువ్వు ఈ కాయిదం మీద సంతకం పెట్టు" అన్న. నేనే రాసుకొని పోయిన మాటలు సదివి ఇనిపిచ్చిన. నా బిడ్డది మారుమనువు. పెండ్లైన మాట నిజం. నేను ముత్తైదువను గాబట్టి పోలే.

అమ్మ నవ్వు ఆగిపోయింది. కొట్లాడుతదేమోనని సూసిన. కొట్లాడలే. అరుగు మీద కూసొని, ఒక్కొక్క అచ్చరం కూడబలుక్కుంట సంతకం పెట్టింది. పెన్ను నా చేతికిచ్చి, నా మొఖం సూడకుండ అడిగింది.

"ఆనాడు నీకు పసుపు ఎవరు పెట్టిన్రే?"

ఇన్నేండ్లకు అడిగింది. "ఎవరు పెడ్తరు? నేనే పెట్టుకున్న" అన్న. కాయిదం సంచిల పెట్టుకొని, అమ్మ ఇచ్చిన నీళ్లు గూడ తాగకుండ వచ్చిన.

హైదరాబాద్‌ల ఇంటర్వ్యూ నాడు అద్దం అవుతల ఒక ఆడ ఆఫీసరున్నది. పక్కన తెలుగు చెప్పే ఆమె ఉన్నది. ఫొటో సూసి మీ అమ్మ ఏదని అడగనే అడిగిన్రు. అమ్మ సంతకం పెట్టిన కాయిదం లోపలికి తోసిన. తెలుగామె సదివి ఆమెకు చెప్పింది. ఆఫీసరు తలెత్తి నన్ను సూసి ఏందో అడిగింది.

"నిజంగనే కన్నతల్లి పెండ్లికి రాలేదా అంటున్నరమ్మా" అన్నది తెలుగామె.

"రాలే మేడం" అన్న. ఆఫీసరు ఇంకేం అడగలే. పాస్‌పోర్ట్ తీసుకొని, వీసా ఇస్తున్నమని చెప్పిచ్చింది.

బయటికొచ్చి ముందుగాల మా ఆయనకు చెప్పిన. ఆయన సంతోషం పట్టలేక, "తిన్నవా మరి?" అన్నడు. తర్వాత అమ్మకు చేసిన.

"వీసా వచ్చింది. నువ్వు పెండ్లికి రాకపోతివి గదా, అందుకే నమ్మిన్రు" అన్న.

అవుతల అమ్మ ఏడుస్తున్నది. ఏడ్వకు అని నేననలే. ఫోన్ మాత్రం పెట్టెయ్యలే, ఆమె ఏడ్సుడు అయిపోయేదాక రోడ్డు మీదనే నిలబడి ఇన్న.