కెదో, సె కెదో

మా అత్లీస్కోలో పూలబజారు వెనక వీధిలో ఎర్మెలిందా ఆడవాళ్ల బట్టలు కుడుతుంది. ఆమె పళ్ల మధ్య ఎప్పుడూ ఓ దారప్పోగు ఉంటుంది, దాంతోపాటు ఓ మాటా ఉంటుంది. గౌను ఒంటికి కుదిరితే ‘కెదా’ అంటుంది. డబ్బాలో గుండీలు మిగల్లేదని చెప్పడానికీ అదే మాట. ఫలానా చర్చి ఎక్కడుందని అడగాలన్నా, ఆదివారం కలుద్దామనుకున్నా, మాటిచ్చి తప్పి పరువు పోగొట్టుకున్నా ఆ మాటే తిరిగి తిరిగి వస్తుంది. పని పూర్తిచేసి దారం కొరికాక మాత్రం వీధికంతా వినబడేలా ‘కెదో!’ అంటుంది. అయిపోయిందని అర్థం. ఆ మాటే లేకపోతే మా వీధిలో సగంమంది మూగవాళ్లయి ఉండేవాళ్లు.

దాని ముందు చిన్న ‘సె’ చేరిందా, మనిషి ఉండిపోయాడని. చుట్టాలింట్లో ఉండిపోతే సంతోషమే. ఆపరేషన్ బల్ల మీద ఉండిపోతే ఇక లేవడు. దొమితీలా తల్లి అలాగే ఉండిపోయింది.

ఈ దొమితీలా మూడో గుమ్మంలో ఉంటుంది. ఆమె కొడుకు నికాంద్రోకు ఎర్మెలిందా జ్ఞానతల్లి, వాడి నోట ‘మద్రీనా’. బాప్తిస్మంలో వాణ్ణి ఎత్తుకున్న రోజు నుంచీ ఆడవాళ్లిద్దరూ ఒకరినొకరు కొమాద్రె అని పిలుచుకుంటారు. తోబుట్టువుల కంటే దగ్గర వరస అది. దగ్గర కాబట్టే వచ్చింది తంటా. పోయినేడు దొమితీలా ముచ్చటపడి నీలం గుడ్డ కొనుక్కొచ్చి ఇచ్చింది. ఎర్మెలిందా దాన్ని బీరువా అడుగున పెట్టింది. పదిహేనేళ్ల పిల్లల వేడుకలకు గౌన్లూ, బడి బట్టలూ, పెళ్లి బట్టలూ వస్తూనే ఉన్నాయి. పైవాళ్లయితే గుమ్మంలో నిలబడి గొడవ చేస్తారు. దొమితీలా మన మనిషే కదా, ఏమనుకుంటుంది?

ఆస్పత్రికి వెళ్లే ముందురోజు దొమితీలా వచ్చింది. హెర్నియాకు ఆపరేషను.

“ఏమే కొమాద్రె, నా గౌను ఎప్పటికి కెదా?”

“రేపు.”

“నీ రేపు ఏ నెల్లో వస్తుందే తల్లీ! ఒకవేళ మా అమ్మలా నేనూ ఆ బల్ల మీదే...”

“నోర్ముయ్. పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగొస్తావ్. వచ్చేసరికి గౌను నీ మంచం మీద ఉంటుంది. నాదీ పూచీ.”

దొమితీలా అటు వెళ్లగానే ఎర్మెలిందా ఎవరో టీచరమ్మ కోటుకు చేతులు కుట్టడం మొదలెట్టింది.

మర్నాడు మధ్యాహ్నం ఫోను మోగింది. ఎర్మెలిందా దాన్ని చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుంది. కాలు మాత్రం మిషను మీంచి తియ్యలేదు. మోటారు స్స్ మంటూనే ఉంది.

“మద్రీనా! మా అమ్మ... సె కెదో. సాయంత్రానికి ఇంటికి తీసుకొచ్చేస్తాం.” నికాంద్రో గొంతు బొంగురుపోయి ఉంది. ఆ పైన వాడి ఫోను కార్డులో డబ్బులైపోయి ఫోను తెగింది.

ఎర్మెలిందా మిషను ఆపేసింది. తర్వాత టీచరమ్మ కోటును మూలకు విసిరికొట్టి బీరువా తెరిచింది. నీలం గుడ్డ బల్ల మీద పరిచి, పోయినవాళ్లకు కత్తిరించే పద్ధతిలోనే కత్తిరించింది. పడుకున్న మనిషికి ముందు నుంచి తొడగాలి కాబట్టి వీపు కుట్టకుండా వదిలేస్తారు. ముందువైపు మాత్రం ఎన్నడూ ఎవరికీ కుట్టనంత అందంగా కుట్టింది. మెడ దగ్గర సన్నటి మడతలు పెట్టింది, ఒక్కో గుండీకీ గుడ్డ చుట్టింది. ఏడుస్తూనే కుట్టింది.

ఏడుపు విని ఎదురింటి ఇపొలితా వచ్చింది. ఆమెకు చెబితే వీధికి చెప్పినట్టే. ఇంకేముంది, దొమితీలా తలుపుకు నల్ల రిబ్బను ముడి కట్టారు. అరుగు ముందు కుర్చీలు వేశారు. తెల్ల పూలొచ్చాయి, కాఫీ కాగింది. పొద్దువాలుతుండగా టాక్సీ వచ్చి ఆగింది. నికాంద్రో చెయ్యి పట్టుకుని, పొట్ట అదిమిపట్టుకుని దొమితీలా దిగింది. తన తలుపు వైపు చూసింది.

“ఎవరే పోయింది?”

ఇపొలితా గుండెల మీద సిలువ గుర్తు వేసుకుంది. “నువ్వే కదమ్మా! ఎర్మెలిందాయే చెప్పింది, ఉండిపోయావని.”

“నేను సె అన్లేదు మద్రీనా! కెదో అన్నాను. అయిపోయింది అన్నాను!” అని నికాంద్రో నెత్తి కొట్టుకున్నాడు.

మరి ఆ ‘సె’ ఎక్కణ్ణుంచి వచ్చింది? ఎర్మెలిందాకు తన మిషను స్స్ మన్న చప్పుడు గుర్తొచ్చింది. ప్రాణంలాంటి మనిషి కబురొస్తుంటే కాలు తియ్యడానికి కూడా మనసొప్పలేదు తనకు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

వీధంతా పడీపడీ నవ్వింది. దొమితీలా కూడా, “నవ్వించకండే, కుట్లు ఊడతాయి” అంటూనే నవ్వింది. అప్పుడే ఎర్మెలిందా చేతిలోని నీలం గౌను ఆమె కంటబడింది.

“నాదేనా? ఎప్పుడు కుట్టావ్?”

“ఇవాళ.”

“ఇవాళేనా?” దొమితీలా గుడ్డను వేళ్లతో నిమిరింది. “ఏడాదిగా తిరిగినదానికి దొరకని పూట, చచ్చినదానికి దొరికిందన్నమాట.”

ఆ మాటలో కోపం లేదు. ఉన్నా బాగుండేది.

దొమితీలా గౌనును ఉన్న బట్టల మీదే చేతులకు తొడుక్కుంది. “ఎలా కెదా నాకు?” అని వీధి వైపు తిరిగింది. ముందు నుంచి చూస్తే పెళ్లికూతురిలా ఉంది. “అబ్బ!” అంది ఇపొలితా. ఆ మెప్పుకు మురిసి దొమితీలా వెనక్కి తిరిగింది. మెడ నుంచి నడుం దాకా గౌను రెండుగా తెరుచుకుని ఉంది. వీపు లేని గౌను ఎవరికి కుడతారో అక్కడ తెలియనివాళ్లు లేరు. నవ్వులు ఆగిపోయాయి.

“ఇలా ఇచ్చెయ్, కొమాద్రె. అది కూడా కుట్టేసి, రేపు...” అని ఎర్మెలిందా నాలిక కరుచుకుంది.

“ఇవ్వను” అంది దొమితీలా. తన చావుకు వేసిన కుర్చీల్లో ఒకదాని మీద పక్కకు తిరిగి కూర్చుంది. “వీపు ఇక్కడే ఉంది. కుట్టు.”

ఎర్మెలిందా వెళ్లి సూదీ దారం తెచ్చింది. మిషను లేదు, చేత్తోనే కుట్టాలి. ఆమె వెనక నిలబడటమే మేలయింది, మొహం చూపించే పని తప్పింది. కొమాద్రె వెన్నుపూసలు వేళ్లకు తగులుతున్నాయి. ఒళ్లు వెచ్చగా ఉంది. ఆ వెచ్చదనం తెలుస్తున్నకొద్దీ ఎర్మెలిందాకు ఇంకా సిగ్గేసింది. చివరి ముడి వేసి, ఒంగి దారం కొరికింది. అలవాటైన ‘కెదో’ నోటిదాకా వచ్చింది, మధ్యాహ్నం చావు కబురైన మాట అదే కదా అని మింగేసింది.

“అయిపోయిందా?” అని దొమితీలా అడిగింది. ఎర్మెలిందా సూదిలోకి మళ్లీ దారం ఎక్కించింది.