తెరకి అడ్డంగా తిరుమలరావు తల

మా తిరుమలరావు మావయ్య ఓసారి బిలాస్‌పూర్ స్టేషన్లో హౌరా వెళ్ళే మెయిలుని ఒక సబ్బు ప్రకటన కోసం ఆపేశాడు. చైను లాగలేదు, ఎర్రజెండా ఊపలేదు. కిటికీ పక్కన కూర్చున్న పెద్దమనిషి ఎవరో, దూరదర్శన్ రోజుల్లో వచ్చిన సబ్బు ప్రకటనలో పాప గౌను పసుపు రంగు అన్నాడు. ప్లాట్‌ఫారం మీద చాయ్ తాగుతున్న మావయ్య వేలు లేపి, "తప్పు" అన్నాడు. అంతే. గౌను ఆకుపచ్చదని ఆ పెద్దమనిషి ఒప్పుకునేదాకా ఇంజను కదల్లేదు, గార్డు ఈల వెయ్యలేదు, సమోసాలవాడు కూడా బేరం మానేసి తీర్పు కోసం నిలబడ్డాడు. నేను కళ్ళారా చూశాను. నమ్మకం కుదరనివాళ్ళు తార్‌బహార్ పేటలో నా మొబైల్ రిపేరు షాపుకి రావచ్చు. ఇంతకన్నా పెద్దవి చెబుతాను.

ఆయన జబ్బు ఒక్కటే. ఎనభైల్లో, తొంభైల్లో తెర మీద కదిలింది, రేడియోలో మోగింది, బబుల్‌గమ్ కాగితం మీద అచ్చయింది ఏదైనా సరే, దాని గురించి ఎవరైనా తప్పు చెబితే ఊరుకోలేడు. ఆదివారం పొద్దున్న సీరియల్‌కి ముందు ఏ ప్రకటన, తర్వాత ఏ ప్రకటన. పాట మధ్యలో బొమ్మ పోతే పెట్టే 'అంతరాయానికి చింతిస్తున్నాం' బోర్డు మీద ఏ పువ్వు. కేసెట్టు తిప్పడానికి గుండ్రటి పెన్సిలు ఎందుకు పనికిరాదు, ఆరు పలకలది ఎందుకు కావాలి... ఇవన్నీ ఆయన నాలిక చివర ఉంటాయి. కళ్ళజోడు మాత్రం ఎక్కడుందో తెలీదు. సాధారణంగా ఆయన నెత్తి మీదే ఉంటుంది.

ఉద్యోగం రైల్వేలోనే. రైలు పెట్టెల్లో లైట్లూ ఫ్యాన్లూ బాగుచేసే ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరయ్యాడు. ఇప్పుడు డ్యూటీ నా షాపు ముందు స్టూలు. నేను కాలేజీ మధ్యలో వదిలేసినవాణ్ణి. నేను మానేసిన రోజు ప్రిన్సిపాల్ గారు స్టాఫంతటికీ దూద్‌పేడాలు పంచారు, నాకూ ఒకటిచ్చారు. అలాంటి నేను కూడా మావయ్య ముందు నోరు అదుపులో పెట్టుకుంటాను. గొప్పలు చెప్పేవాడికి పక్కనే తప్పులు పట్టేవాడు కూర్చుంటే వ్యాపారం ఎలా సాగుతుంది, మీరే చెప్పండి.

ఓసారి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను.

"షుగరు ఎప్పట్నుంచి?" అని హిందీలో అడిగాడు డాక్టరు.

"మా లైన్లోకి కేబుల్ వచ్చిన్నాటి నుంచి."

"అచ్ఛా. అంటే తొంభై మూడా?"

"తప్పు. తొంభై మూడులో ఆఫీసర్ల కాలనీకి వచ్చినాది. మాకు తొంభై నాలుగు." ఇంకో పావుగంట డిష్ యాంటెన్నా గురించి మాట్లాడాడు. బయట రోగులు పెరిగిపోయారు. డాక్టరు చివరికి తనకే బీపీ చూసుకున్నాడు.

గోల్ బజార్‌లో పెళ్ళి ఊరేగింపు పోతుంటే బ్యాండువాళ్ళు పాత పాట ఒకటి ఎత్తుకున్నారు. రెండో చరణం ముందు వేశారని మావయ్య బ్యాండు మేస్త్రీని ఆపాడు. వాడు ఒప్పుకోలేదు, ఈయన వదల్లేదు. తేలేసరికి పెళ్ళికొడుకు గుర్రం మీద కునుకు తీశాడు, గుర్రం పక్క బండి మీది కొత్తిమీరంతా తినేసింది. ఈయన భార్య కనకం అత్త ఇంటికొచ్చాక ఒకటే మాట అంది:

"ఒక్కసారైనా తప్పుని తప్పుగా వదిలీ. నీ సొమ్మేటి పోద్ది?"

"వదిలేస్తే అదే ఒప్పయిపోద్దే," అన్నాడు మావయ్య.

ఇంతటి మనిషికి ఒక మచ్చ ఉంది. వీసీఆర్ మచ్చ.

ఆ రోజుల్లో బిలాస్‌పూర్‌లో తెలుగు సినిమా చూడాలంటే విశాఖ వైపు నుంచి వచ్చే గార్డుల్ని బతిమాలుకోవాలి. గార్డు పెట్టెలో ఎర్రజెండాకీ పచ్చజెండాకీ మధ్య కేసెట్టు పడుకుని వచ్చేది. అట్ట మీద ఒక సినిమా, లోపల ఇంకో సినిమా ఉండే కాలం కదా, ముందురోజు మావయ్య ఒక్కడూ కూర్చుని అంతా చూసి "పాస్" అంటేనే క్వార్టర్ల మధ్య తెర లేచేది. అలా ఓసారి వచ్చిన సినిమాలో మా ఇంజను డ్రైవరు చిన్నారావు తాత చెయ్యి ఉందన్నారు. నిజంగానే ఆయన షూటింగ్ డ్యూటీకి ఇంజను తీసుకెళ్ళాడు. ఇంజను మలుపు తిరుగుతుంటే కిటికీలోంచి చెయ్యి ఊపమన్నారట, ఊపాడట. ఆయన భార్య అచ్చియమ్మ ఈ కబురు క్వార్టరు క్వార్టరుకీ తిరిగి చెప్పింది. ఆ సాయంత్రం కాలనీ అంతా చాపలు వేసుకుని కూర్చుంది. సరిగ్గా రైలు కూత వినబడగానే వీసీఆర్ టేపు తినేసింది. మావయ్య దాని పొట్టలోంచి నల్లటి పేగుల్లా టేపు బయటికి లాగుతుంటే ఆడవాళ్ళు తిట్టిన తిట్లు నాకు ఇప్పటికీ గుర్తు. నేనప్పుడు మా అమ్మ ఒళ్ళో పాలు తాగుతున్నాననేది వేరే సంగతి.

"ఊళ్ళో అందరి తప్పులూ పడతాడు, ఒక్క బటను నొక్కడం రాదు" అని అప్పట్నుంచీ ఆయనకి బిరుదు. ఏ తప్పుకైనా వెంటనే జవాబిచ్చే మావయ్య, దీనికి మాత్రం జవాబు చెప్పేవాడు కాదు. చిన్నారావు తాత పోయాడు. సినిమా మళ్ళీ దొరకలేదు. అచ్చియమ్మ ఆ చేతిని చూడకుండానే దాని గురించి చెబుతూ ముసలిదైంది.

మొన్న చలికాలంలో ఆవిడ మనవరాలు తనూజ నా షాపుకి పరిగెత్తుకొచ్చింది.

"జేపీ భయ్యా! మిల్ గయా! నానమ్మ చెప్పే పిక్చర్ యూట్యూబ్‌లో ఉంది, పూరా! తాతయ్య చెయ్యి కూడా ఉంది. నానమ్మకి కంటి ఆపరేషన్ అయింది కదా, పట్టీ తీయగానే ఏమందో తెలుసా? 'ఇప్పుడైనా ఆ సెయ్యి సూపించండే' అంది. ఆదివారం తెలుగు సంఘం హాల్లో ప్రొజెక్టర్ పెట్టు, ప్లీజ్."

స్టూలు మీద మావయ్య చేతిలో చాయ్ గ్లాసు ఆగిపోయింది.

"పాత ప్రింటమ్మా. బొమ్మ సరిగా కనబడదు," అన్నాడు.

"నహీఁ అంకుల్, సాఫ్ చేసి పెట్టారు ఎవరో. ఇంజన్ మీద స్క్రూలు కూడా కనిపిస్తున్నాయి."

"సౌండు రాదు."

"మస్త్ వస్తోంది."

"మీ నానమ్మకి కొత్త కళ్ళు. అంత వెలుతురు పడదేమో."

"డాక్టర్ ఓకే అన్నాడు అంకుల్!"

ఆ పిల్ల వెళ్ళాక నేను స్టూలు దగ్గరికి జరిగాను. నా భయం నాది. ఈ మనిషి హాల్లో లేచి, చొక్కా రంగు తప్పనో సంవత్సరం తప్పనో మొదలుపెడితే ముసలావిడ ఇన్నాళ్ళ ఆశ గంగలో కలుస్తుంది.

"మావా, ఆదివారం నువ్వు నోరెత్తకూడదు."

"తప్పుంటే?"

"ఉన్నా సరే. మాట ఇయ్యి."

మావయ్య చాయ్‌లోకి వంగి చూశాడు. అందులో ఈగ కూడా లేదు. "అచ్చియమ్మప్పకి ఏ లోటూ రానివ్వనురా. అదే మాట," అన్నాడు. అదే ఒట్టు అనుకుని నేను సంతోషించాను.

ఆదివారం సాయంత్రం హాలు నిండిపోయింది. మా వాళ్ళకి సినిమా చూపించడం కష్టం అని మీకు చెప్పాలి. తరతరాల రైల్వే జనం. తెర మీద రైలు వస్తే హీరోని చూడరు. ఏ ఇంజను, ఏ షెడ్డు, ఏ రైల్వే అని బానెట్టు మీదా బంపరు మీదా అక్షరాలు వెతుకుతారు. ఓసారి హీరోయిన్ పట్టాల మీద పడుకుని ఏడుస్తుంటే మా పాత గార్డు శంకరరావు గారు, "అది లూప్ లైనమ్మా, గూడ్సు కూడా రాదు, లేచి ఇంటికెళ్ళు" అని అరిచిన హాలు ఇది.

అచ్చియమ్మ ముందు కుర్చీలో, జరీ అంచు చీరలో, నల్ల కళ్ళద్దాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆవిడకి ఏ భాషా చదవడం రాదు. కానీ మన రైల్వే పేరుకి వేసే మూడు ఇంగ్లీషు అక్షరాలు మాత్రం ఎక్కడున్నా గుర్తుపడుతుంది. మొగుడి దుప్పటి మీద, లాంతరు మీద, చొక్కా బొత్తాల మీద, ఇంట్లో గ్లాసుల మీద కూడా జీవితమంతా అవే కదా చూసింది.

మావయ్య తనకి కుర్చీ వేసినా కూర్చోకుండా ప్రొజెక్టరు ముందు నడిచే దారిలో పీట వేసుకున్నాడు. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది.

కూత వినబడింది. హాలంతా ముందుకి వంగింది. మలుపులో పొగ కనబడింది.

"తప్పు!" అంటూ మావయ్య లేచి నిలబడ్డాడు.

అంతవరకూ ఎవరూ ఏమీ అననేలేదు. అనని మాటకి తప్పు పట్టడం ఆయన చరిత్రలో అదే మొదలు. ఆయన తల నీడ గుమ్మడికాయంత అయి తెర మధ్యలో పడింది.

"ఏటి తప్పు?" అన్నారు శంకరరావు గారు.

"మన దేశానికి కలర్ టీవీ ఎనభై అయిదులో వచ్చినాది. ఎనభై రెండు అన్నోళ్ళందరిదీ తప్పు!"

హాలు ఒక్కసారి పేలింది. ఇన్నేళ్ళుగా ఆయన చేత దిద్దించుకున్న ప్రతి మనిషికీ అది దసరా పండగే. "ఎనభై రెండు! ఏషియన్ గేమ్స్! ఢిల్లీ!" అని ముసలాళ్ళు కర్రలు కొట్టారు. "మా ఇంట్లోనే ఉండేది, ఎనభై మూడులో కొన్నాం" అని ఒకావిడ కుర్చీ ఎక్కింది. అందరూ తెరకి వీపు పెట్టి మావయ్య వైపు తిరిగారు. "కూకో!" అని కనకం అత్త కొంగు పట్టుకుని లాగుతోంది... తన కొంగే, కోపంలో తెలీలేదు. నేను "మావా, తల! తల!" అని అరుస్తున్నాను. ఆయన మాత్రం "ఎనభై అయిదే!" అంటూ తెర మీద ఇంజను కుడికి కదిలితే తానూ కుడికి జరుగుతున్నాడు, వంగితే వంగుతున్నాడు.

ఆ గోలలో తెర చూస్తున్నది ఒక్క అచ్చియమ్మే.

"అదిగో!" అంది. "అదిగో, మా ఇంటాయన సెయ్యి! సూడండర్రా, అలాగే ఊపీవోడు. ఇంజను కూత కొట్టినాక క్వార్టరు మలుపులో కనబడీ వరకూ అలాగే!"

కిటికీలోంచి ఒక చెయ్యి, పొగలో, నీడకి పైన, హాయిగా ఊగింది. రైలు వెళ్ళిపోయింది. మావయ్య కూర్చున్నాడు.

అచ్చియమ్మ కళ్ళు తుడుచుకుని వెనక్కి తిరిగింది. "ఒరే తిరుమలా! అప్పుడు టేపు తినీసినావు, ఇప్పుడు సగం ఇంజను తినీసినావు. నీ తల ఇంట్లో పెట్టి రాలేకపోనావా?"

"మర్చిపోనానప్పా," అన్నాడు మావయ్య.

ఆ వారమంతా తార్‌బహార్‌లో ఆయన పేరు 'ఎనభై అయిదు.' కూరగాయలబండి అతను కూడా "కిలో ఎంత?" అంటే "ఎనభై అయిదు అంకుల్" అనేవాడు. మావయ్య స్టూలు మీద కూర్చుని నవ్వేవాడు. నేను మాత్రం మాట తప్పాడని ఆయనతో మాట్లాడలేదు. చాయ్ తెప్పించడం మానలేదు, అది వేరే ఖాతా.

తర్వాత ఒక మధ్యాహ్నం బేరాల్లేక ఫోన్లో ఆ సీను పెట్టాను. ఈసారి అడ్డంగా తల లేదు. ఇంజను మలుపు తిరిగింది. పైన చెయ్యి ఊగింది. కింద బంపరు మీద, మావయ్య నీడ పడ్డ చోట, తెల్లటి పెద్ద అక్షరాలు. రెండే రెండు. మనవి మూడు కదా. అది మన రైల్వే కాదు, మన షెడ్డు కాదు, చిన్నారావు తాత ఆ చుట్టుపక్కల కూడా లేడు. ఆయన ఊపిన చెయ్యి సినిమాలో ఎక్కడో కత్తిరించి పారేసి, ఇంకెక్కడో తీసిన రైలు, ఇంకెవరి చెయ్యో అతికించారు.

హాల్లో ఒక్కరు చూసినా, ఒక్క శంకరరావు గారు చూసినా చాలు, గుట్టు బయటపడేది. అచ్చియమ్మ కొత్త కళ్ళకైతే ఎవరూ చెప్పక్కర్లేదు కూడా.

అప్పుడు నాకు వీసీఆర్ గుర్తొచ్చింది. ముందురోజు ఒక్కడే కూర్చుని చూసి "పాస్" అన్న మనిషి. సరిగ్గా కూత దగ్గర టేపు తినేసిన మిషను. రైలు పెట్టెల్లో వైర్లన్నీ కళ్ళు మూసుకుని కలిపేవాడికి ఒక బటను నొక్కడం రాదా? అప్పుడు ముందువరసలో చిన్నారావు తాత కూర్చున్నాడు, కాలనీ అంతటి ముందు.

నేను స్టూలు పక్కన కూర్చుని ఫోను చూపించాను. మావయ్య చూశాడు. తెర ఆర్పేశాడు. "ఛార్జింగు అయిపోద్ది," అన్నాడు.

ఇదంతా రాశాను. తెలుగులో రాశాను కాబట్టి తనూజ చదవదు, అచ్చియమ్మకి అక్షరాలు రావు, రహస్యం క్షేమం. అయినా అచ్చుకి పంపేముందు మావయ్యకి మొత్తం చదివి వినిపించాను. కళ్ళు మూసుకుని విన్నాడు. మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు. అయ్యాక నెత్తి మీది కళ్ళజోడు దించి పెట్టుకుని, వేలు లేపాడు.

"తప్పు. మెయిలు నాను ఆపలేదు, సిగ్నలు లేక ఆగినాది. గౌను పచ్చదే. సెయ్యి సిన్నారావుదే."