పని లేదని రాసుకున్నాను

చిన్నప్పటి నుంచీ నాకు ఒకచోట కాలు నిలవదు. ముక్కు మీద కోపం. అలాంటిదాన్ని, పనిచేసే చోట ఆడామగా తేడాల మీద పరిశోధన చేస్తానంటూ పంతొమ్మిది వందల డెబ్బైల చివర్లో తిరుపతి యూనివర్సిటీలో చేరాను. పొద్దున్నే నగరి బస్సెక్కడం, నేతగాళ్ల వీధుల్లో ఇంటింటికీ తిరిగి ఫారాలు నింపడం.

ఫారంలో మొదటి ప్రశ్న ఇంటి యజమాని పేరు. మొగుడి పేరు పెళ్లాం నోట పలకకూడదు కదా! ఏ ఇంట్లో అడిగినా ఆడవాళ్లు నవ్వేసి, "ఇదో, ఈడికి రాండి" అని లోపలికి కేకేసేవాళ్లు. మగ్గం దిగి వచ్చినాయన పేరు చెప్పి ఊరుకుంటాడా? తిష్ఠ వేసుకుని మిగతా ప్రశ్నలన్నిటికీ తనే జవాబిచ్చేవాడు.

"ఆమెకేం పనుండాది మేడమ్? ఇంట్లోనే కదా ఉండేది" అనేవాడు. నేనూ బుద్ధిగా భార్య వృత్తి దగ్గర 'పని లేదు' అని రాసుకునేదాన్ని.

ఫారాలు చూసి మా గైడు సంబరపడ్డారు. సోమవారానికి పట్టికలు ఇచ్చేయమన్నారు. అప్పటికే ఒకసారి గడువు పెంచారు, ఈసారి తప్పితే సీటు పోతుంది. నాకు మాత్రం కుదురు లేదు. వీధి వీధంతా ఆడవాళ్లకు పని లేకపోవడమేమిటి? శనివారం మళ్లీ నగరి బస్సెక్కాను.

మొదట రాసుకున్న ఇంటికే వెళ్లాను. ఆ ఇంటావిడ గడప దగ్గర రాట్నం తిప్పుతూ కండెలకు నూలు చుడుతోంది. చుట్టిన కండె చుట్టినట్టే లోపల మగ్గానికి పోతోంది. పోయినసారీ నా కళ్లముందు ఇదే పని చేసింది.

"మొన్న నా పేరు కాడ ఏం రాసుకున్నావు మేడమ్?" అంది.

అబద్ధమాడదామంటే నోరు రాలేదు. చదివి వినిపించాను.

"అట్లనా" అంటూ రాట్నం పక్కకు నెట్టి గోడకు చేరగిలబడింది. ఆమె మొహంలో కోపం లేదు. నాకే సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. కాసేపటికి లోపల మగ్గం ఆగింది.

"ఏమే, కండెలు యాడ?" అని మొగుడి కేక.

"నాకు పని లేదంట. మేడమ్ రాసుకునింది!"

ఆ ఫారాన్ని అక్కడే అడ్డంగా కొట్టేశాను. కొత్తది తీసి, యజమాని పేరు గడి వదిలేసి, "పొద్దున లేచిన కాడి నుంచి ఏం చేసినావో చెప్పక్కా" అన్నాను.

ఆమె రాట్నం ముందుకు లాక్కుని మొదలుపెట్టింది. ఫారం చాలక వెనకవైపు కూడా రాశాను. సోమవారం కూడా నేను ఆ వీధిలోనే ఉన్నాను.