నజ్మియే అక్క ఆరు మరుగుదొడ్లు

గోజెక్ రేవులో నజ్మియే చేతి శుభ్రం ఎరగనివాళ్ళు లేరు. రెండు తెరచాపల చెక్క పడవ ‘కెక్లిక్’ మీద పందొమ్మిదేళ్ళుగా వంటా ఆవిడదే, ఆరు గదులకున్న ఆరు మరుగుదొడ్లూ ఆవిడవే. వంట బాగుందంటే చేయి ఊపేసి ఊరుకునేది. మరుగుదొడ్డి బాగుందంటే మాత్రం మొహం చాటంత అయ్యేది. పక్క పడవల ఆడవాళ్ళు టీకి వస్తే తలుపులు తీసి మరీ చూపించేది. అందులో చూసేదేముందని మీరడగొచ్చు. ఆవిడ ముందు అడిగే ధైర్యం ఎవరికీ లేదు.

అలాంటి పడవలో ఆ వేసవి కంపు మొదలైంది.

అంతకుముందు చలికాలంలో హుర్షిత్ కెప్టెన్ కొత్త యంత్రం పెట్టించాడు. అఖాతంలో చుక్క మురుగు వదలడానికి వీల్లేదు. పన్నెండుమంది అతిథులుంటే పాత ట్యాంకు మూడో రోజుకే నిండేది. ఈత కొట్టేవాళ్ళను పైకి పిలిచి, లంగరెత్తి, మురుగు లాగే గట్టు దగ్గర వరసలో నిలబడాలి. ఆ బాధ పడలేక కెప్టెన్ తుంజాయ్ మేస్త్రిని పిలిపించాడు.

మేస్త్రి టీ తాగుతూ మూడు దారులు చెప్పాడు. ఇంకా పెద్ద ట్యాంకు పెట్టుకోవచ్చు, కానీ ఒక గది పోతుంది. ఉప్పునీళ్ళలోంచి కరెంటుతో క్లోరిన్ తీసి మురుగును శుద్ధి చేసే యంత్రముంది, కానీ బ్యాటరీలను పీల్చేస్తుంది, జనరేటర్ మోత ఆగదు. మూడోది, మురుగును తినే సూక్ష్మజీవుల పెట్టె. చిన్న పంపు గాలి బుడగలు ఊదుతుంటే అవి లోపల తమ పని తాము చేసుకుపోతాయి. తేరిన నీళ్ళను తీరానికి దూరంగా వెళ్ళాక వదలొచ్చు.

నజ్మియే గరిటె పట్టుకునే వచ్చి నిలబడింది. “ఏం తింటాయి మేస్త్రీ అవి?”

“మనం వదిలిందేనక్కా.”

“అయ్యో పాపం! రోజూ అదేనా?”

“నీ వంటే కదక్కా అటు తిరిగి వాటి దగ్గరికొచ్చేది. అదృష్టవంతులు!”

అందరూ నవ్వారు. “ఘాటు మందులు మాత్రం పోయకండి, చచ్చిపోతాయి” అన్నాడు మేస్త్రి. అందరూ తలూపారు. మందులంటే వాసన పోవడానికి ట్యాంకుల్లో పోసే ఆ నీలం సీసాలని అనుకున్నారు. బ్లీచింగ్ నీళ్ళు ఎవరికీ తట్టలేదు. ఆ తీరంలో ఏ ఇల్లాలినడిగినా అవి మందు కాదు, శుభ్రం. గడప కడగాలన్నా, సింకు తోమాలన్నా, చుట్టాలొస్తున్నారన్నా అవే. ముక్కుపుటాలు మండితేనే ఇల్లు కడిగినట్టు లెక్క.

జూన్‌కల్లా కుళ్ళిన గుడ్ల వాసన గదుల్లోకి ఎక్కింది. నజ్మియే ఇంకో సీసా పోసింది. వాసన పెరిగింది. ఇంకా పోసింది. ఏటా వచ్చే అంకారా కుటుంబం రెండు రోజుల ముందే దిగిపోయింది. వాళ్ళు వెళ్ళాక కెప్టెన్ ఆవిడ మొహం చూడకుండా అన్నాడు:

“అక్కా, వచ్చే ఏడు నువ్వు వంట చూసుకో, చాలు. కడగడానికి ఇంకెవర్నయినా పెడతాను. నీకూ వయసొచ్చింది.”

“వయసు మోకాళ్ళకొచ్చింది కెప్టెన్, ముక్కుకి కాదు.”

“ఆ పెట్టె కూడా పీకించేస్తాను. మనం ఊరెళ్ళి రాగానే మేస్త్రిని రమ్మన్నాను.”

ఆవిడకు తల తీసేసినట్టయింది.

ఊళ్ళో నజ్మియే మేనకోడలి పెళ్ళి. ఆవిడదీ కెప్టెన్‌దీ ఒకే కొండ ఊరు కాబట్టి పెళ్ళికి సాక్షి సంతకం ఆయనదే. పెళ్ళయ్యాక ఆయన తల్లి దగ్గర, ఆవిడ చెల్లెలి దగ్గర ఉండిపోయారు. ఆ పదకొండు రోజులూ కెప్టెన్ బావమరిది పడవ నడిపాడు. అతని కూతురు బెల్గిన్ వంటా, శుభ్రం చూసింది.

తిరిగొచ్చిన సాయంత్రం నజ్మియే చెప్పులు విడిచి తిన్నగా మరుగుదొడ్లకే వెళ్ళింది. బెల్గిన్‌ను దులిపెయ్యడానికి మాటలు కూడా సిద్ధం చేసుకుంది. మొదటి తలుపు తీసింది. వాసన లేదు. రెండోది, మూడోది, ఆరోది. అంచుల్లో గార కనిపిస్తూనే ఉంది, వాసన మాత్రం లేదు. ఆవిడకు ఏడుపొచ్చింది. తను లేకపోతేనే పడవ బాగుందన్నమాట.

“ఏం పోశావే వీటిలో?”

“ఏం పోయలేదత్తా” అంది బెల్గిన్ భయంగా. “మీ బ్లీచింగ్ సీసా మూత నాకు ఊడి రాలేదు. ఒట్టి నీళ్ళతో బ్రష్ కొట్టాను. నాన్నకి చెప్పకండేం!”

మామూలప్పుడైతే ఆ పిల్ల బతుకు అక్కడితో సరి. కానీ నజ్మియే తిట్టడం మరిచిపోయింది. నేల పలక ఎత్తి, కింద పెట్టెలో బుడగల చప్పుడు వింటూ కూర్చుంది. తినేవి, గాలి పీల్చేవి. మరి పెరుగు తోడులో ఉండేవి మాత్రం ఏమిటి, అవీ ప్రాణమున్నవే కదా? లేచి రెండు గిన్నెల్లో గోరువెచ్చటి పాలు పోసి చెరో చెంచా తోడేసింది. రెండో గిన్నెలో బ్లీచింగ్ నీళ్ళు ఒక మూతెడు కలిపింది. రెంటినీ ఉన్ని శాలువలో చుట్టి పెట్టింది.

తెల్లారి చూస్తే మొదటి గిన్నెలో చెంచా నిలబడేంత గట్టి పెరుగు. రెండోది ఇంకా పాలే. ఆవిడకు సిగ్గేసింది. రోజూ పొద్దున్నే లేచి తను చంపుతున్నది వేటినో తెలిసి సిగ్గు. ఆ సిగ్గు కిందే, తెలిసిందన్న సంతోషం కూడా.

పైన అప్పటికే కేకలు. మేస్త్రి స్పానర్ల సంచీతో వచ్చాడు.

“మందులేమన్నా పోశారా కెప్టెన్?”

“బొట్టు పోయలేదు, నా పిల్లల మీద ఒట్టు!”

“ఇప్పుడు వాసన లేదు కదా మరి?”

“మొన్నటిదాకా ఎనిమిదిమందే ఉన్నారు. పన్నెండుమంది ఎక్కితే మళ్ళీ మొదలు. విప్పు! నువ్వు అంటగట్టిన చెత్త సంగతి రేవంతా చెబుతాను!”

నజ్మియే మెట్ల మీద ఆగింది. నోరు మూసుకుంటే సరిపోతుంది. పెట్టె పోతుంది, తప్పు మేస్త్రి మీదకు పోతుంది, తన పేరు తనకు మిగులుతుంది. రెండు గిన్నెలూ పట్టుకుని పైకెక్కింది.

“స్పానర్ కింద పెట్టు మేస్త్రీ. పెట్టె మంచిదే. చంపింది నేను.”

గిన్నెలు చూపించి అంతా చెప్పింది. మేస్త్రి నోరు తెరిచాడు. “రోజుకి ఎంత పోశావక్కా?”

“దొడ్డికో సీసా.”

“ఆరు సీసాలా! ఏనుగైనా బతకదు కదక్కా!” పొట్ట పట్టుకుని నవ్వాడు.

కెప్టెన్ నవ్వలేదు. చెవులు ఎర్రబడ్డాయి.

“నేను కూడా” అన్నాడు నెమ్మదిగా.

“ఏంటి నువ్వు కూడా?”

“నువ్వు కడిగి వెళ్ళాక... ఒక్కోదాంట్లో ఓ మగ్గెడు.”

“ఎప్పట్నుంచి?”

“మొదట్నుంచీ.”

తన తప్పు ఒప్పుకున్నప్పుడు కూడా ఆవిడకు అంత నొప్పి కలగలేదు.

“పందొమ్మిదేళ్ళు నా వెనక కడిగావా హుర్షిత్?” కెప్టెన్ అనకుండా ఆయన్ని పిలవడం అదే మొదటిసారి.

“మా అమ్మ అలా చేసేదక్కా. ఎవరు కడిగినా సరే, మళ్ళీ తనో చేయి వేసేది. అలవాటైపోయింది.”

“వచ్చే ఏడు కూడా నేనే కడుగుతాను. నా వెనక ఎవ్వరూ రాకూడదు.”

ఆయన తలూపాడు. కొంచెం వెనిగర్, వేడినీళ్ళు, బ్రష్, అంతకుమించి ఏమీ వద్దని మేస్త్రి ఇద్దరికీ చెరోసారి చెప్పి వెళ్ళాడు.

మధ్యాహ్నం పన్నెండుమంది అతిథులు వస్తున్నారు. నజ్మియే వేడినీళ్ళతో మొదలుపెట్టింది. ఘాటు లేదు, కళ్ళు మండడం లేదు. ఎప్పటికి శుభ్రమైనట్టో తెలియక వేలు పెట్టి అంచు చుట్టూ రుద్ది చూసుకుంది. కిర్రుమంటే ముందుకు జరిగింది, లేకపోతే మళ్ళీ తోమింది. రెట్టింపు సమయం పట్టింది.

పైకి వచ్చేసరికి అతిథులు సామాన్లతో గట్టు మీద నిలబడి ఉన్నారు.

“అయిందా అక్కా?”

“అయింది.”

కెప్టెన్ కాలు మరుగుదొడ్ల వైపు దిగే మెట్ల మీదికి తిరిగింది. ఒక్క క్షణం అక్కడే ఆగాడు. తర్వాత వెనక్కి తిరిగి అతిథులను పైకి రమ్మని పిలిచాడు.