మబ్బు లేని ఉరుము

మీర్‌పేట్‌లో మా అమ్మాయి వాళ్ల డాబా మీద ఎండుతున్న మిరపకాయల ఘాటు తగిలితే, ఈ వయసులోనూ నా చూపు ముందు ఆకాశం మీదికే పోతుంది.

అది పంతొమ్మిది వందల అరవై తొమ్మిది ఎండాకాలం. తెలంగాణ కోసం ఊరంతా గొడవగా ఉంది. దిల్‌సుఖ్‌నగర్‌లో మా కిరాయి ఇల్లు రోడ్డుకు దగ్గర. నాకు ఐదేళ్లు. ఓ మధ్యాహ్నం రోడ్డు వైపు నుంచి ఢమఢమమని చప్పుళ్లు వినిపించాయి. అమ్మ గబగబా తలుపు గడియ పెట్టింది.

"గా సప్పుడేందమ్మా?"

"ఉరుముతున్నది బిడ్డా. పండుకో."

ఉరిమితే వాకిట్లో ఎండే మిరపకాయలు లోపలికి తేవడం మా ఇంట్లో నా పని. అమ్మ వంటింట్లోకి పోగానే స్టూలెక్కి గడియ తీశాను. గౌను ఒడిలో కాయలు ఎత్తుకుంటూ పైకి చూశాను. ఒక్క మబ్బు లేదు. మళ్లీ ఉరిమింది. ఎండలోనే ఆకాశం పగిలిపోతోందనుకున్నాను. కాయల ఒడితో అక్కడే నిలబడిపోయాను.

అమ్మ పరిగెత్తుకొచ్చి నన్ను చంకనేసుకుని లోపలికి తెచ్చింది. మిరపకాయలన్నీ వాకిట్లోనే చెదిరిపోయాయి. మళ్లీ గడియ పెట్టి తలుపుకు ఆనుకుని కూచుంది.

"అవి తుపాకులు బిడ్డా. నువ్వు భయపడ్తవని ఉరుమన్న."

"మరి ఉరుమంటే ఏంది?"

అమ్మ నా గౌనుకు అంటిన మిరప గింజలు దులిపింది.

"అదెందుకొస్తదో నాకు తెల్వదు. నాయిన ఇంటికొచ్చినంక అడుగుదాం."

నిన్న సాయంత్రం ఉరిమితే మనవడు నా కొంగు పట్టుకుని, "అమ్మమ్మా, అదేంది?" అని అడిగాడు. పైన మబ్బు ఉందని చూసుకున్నాకే, ఉరుమని చెప్పాను.